తరవాణి తాగిన బండి

గంజి అని రాసేడు. నన్ను తిడితే పడతాను, నా గురించి ఊళ్ళో ఎవరేమన్నా నవ్వేసి ఊరుకుంటాను, అలవాటే. కానీ మా మామ్మ గంజి పోసిందని, అదీ నల్లటి పలక మీద బంగారు రంగు అక్షరాలతో, ఒడియాలో ఓసారీ ఇంగ్లీషులో ఓసారీ రాసి, మఖమలు గుడ్డ పరిచిన బల్ల మీద నిలబెడితే మాత్రం ఊరుకోను. ఊరుకోలేకే ఇది రాస్తున్నాను.

జరిగిందేటంటే, ఈమధ్య గోపాల్‌పూర్‌లో సముద్రం ఒడ్డునున్న ఓ హోటలువాళ్ళు తమ పచ్చికలో పాత కార్ల ప్రదర్శన పెట్టేరు. మా భాస్కరం చిన్నాన్నని తీసుకెళ్ళేను. మా నాన్నకి ఆఖరి తమ్ముడాయన. ఇప్పుడు మోకాళ్ళు పట్టేసేయి, ఓ చెవిలో యంత్రం ఉంది, అది కూడా తనకి నచ్చిన మాటలకే పనిచేస్తుంది. పొడుగాటి కార్లూ, రాజుల కార్లూ అన్నీ దాటుకుని చివరికొచ్చేసరికి, తెల్లటి పందిరి కింద ఎర్రటి రెండు సీట్ల బండి ఒకటి కనిపించింది. పైకప్పు లేనిది, పొట్టిది, నేలని ముద్దు పెట్టుకుంటున్నట్టు ఉండేది. చిన్నాన్న చెయ్యి నా మోచెయ్యి మీద బిగుసుకుంది. "ఒరే బుజ్జీ, అది మన బండేరా" అన్నాడు. యాభై దాటి జుట్టు నెరిసిన నన్ను బుజ్జీ అని పిలిచే మనిషి భూమ్మీద ఈయనొక్కడే మిగిలేడు.

బండి పక్కన బల్ల. బల్ల మీద ఓ పాత ఇత్తడి రేడియేటర్. దాని ముందు ఆ పలక. "ఈ బండి ఒకప్పుడు బరంపురం తెలుగు వర్తకుల దగ్గర ఉండేది. ఇంజన్ వేడెక్కకుండా వారు దీనికి లారీ రేడియేటర్ తగిలించి, అవగాహన లేక అందులో గంజి పోసేవారు. పాడైపోయిన ఆ మోటు భాగమే ఇది." ఒడియాలో 'పేజ' అని ఉంది, మన గంజే. పోసేవారట! పొద్దున్నే లేచి మొక్కలకి నీళ్ళు పోసినట్టు రోజూ పోసేవాళ్ళమన్నమాట. చూసేవాళ్ళందరూ అది చదివి నవ్వుకుని ముందుకెళ్తున్నారు. ఒకావిడ ఫొటో కూడా తీసుకుంది.

నన్నెరిగినవాళ్ళు ఇక్కడే పుస్తకం మూసేస్తారని నాకు తెలుసు. ఆర్యపల్లిలో వలకి చిక్కిన చేపొకటి నాతో ఒడియాలో బతిమాలుకుందని చెప్పినవాణ్ణి నేనే. పొలసర సంతలో కొన్న గొడుగు మూడు ఊళ్ళ వాన ఆపిందని చెప్పిందీ నేనే. కాదనను. కానీ ఈ బండి కథలో నేను కల్పించాల్సిన అవసరమే రాలేదు, అది తనంతట తనే కొంచెం ఎక్కువగా జరిగింది. ఎక్కడైనా నా చెయ్యి పడితే అక్కడే ఒప్పుకుంటాను.

మా ఇల్లు బరంపురం పెద్ద బజారులో. కింద కొట్టు, పైన కాపురం. తాత టోకు వ్యాపారి. చింతపండు, మిరప, ధనియాలు, పసుపు కొమ్ములు బస్తాలకి బస్తాలు దిగేవి. ఆ వాసన మెట్లెక్కి, తలుపులు తోసుకుని, మా దుప్పట్లలోకీ పుస్తకాల్లోకీ వచ్చేసేది. కాలేజీలో నా పక్కన కూర్చున్నవాడు పరీక్షలో తుమ్ముతూనే ఉండేవాడు, పాపం. మిరపకాయ నాణ్యం చూడాలంటే తాత కొరికేవాడు కాదు, తొడిమ తుంచి ముక్కు దగ్గర పెట్టుకునేవాడు. తుమ్ము వచ్చిన తీరుని బట్టి సరుకు చికిటి వైపుదో గుంటూరుదో చెప్పేసేవాడు. కొట్లో ఫ్యాను ఉండకూడదని ఆయన శాసనం. ఫ్యాను తిరిగితే పసుపూ కారం లేచి గిరాకీల కళ్ళలో పడతాయని. వేసవి మధ్యాహ్నాల్లో బనీను తడిసి ఒంటికి అంటుకుపోతున్నా, తాటాకు విసనకర్రతో మెడ దగ్గర మాత్రం మెల్లగా విసురుకుంటూ, గాలి సరుకు మీదికి పోకుండా చూసుకునేవాడు. తన గాలి తనని దాటి పోనివ్వకపోవడంలో తాతంత పనిమంతుణ్ణి నేను మళ్ళీ చూడలేదు.

పైన వంటింట్లో ఏలుబడి మా మామ్మది, అంటే నాయనమ్మది. మూల ఇసక పరిచి, ఇసక మీద కుండ, కుండలో తరవాణి. ఈ కాలపు పిల్లలకి చెప్పాలి కాబట్టి చెప్తున్నాను. మిగిలిన అన్నంలో నీళ్ళు పోసి, నిమ్మాకు వేసి, ఓ రాత్రి పులవనిచ్చి, పైకి తేరిన ఆ పుల్లటి నీళ్ళే తరవాణి. ఒడియావాళ్ళు తొరాణి అంటారు. పేరొకటే, కుండ ఒకటే, పులుపొకటే. రెండు భాషలవాళ్ళూ పేచీ లేకుండా తాగేది మా బరంపురంలో అదొక్కటే. ఇక గంజి అంటారా, అన్నం వార్చితే వచ్చేది. మా ఇంట్లో అది చీరలకి పట్టేది, లేకపోతే వీధిలో ఆవు కుడితి తొట్లోకి పోయేది. మామ్మ లెక్కలో గంజికీ తరవాణికీ, ఆవుకీ మనిషికీ ఉన్నంత తేడా. ఇంట్లో ఎవరికి కళ్ళు మండినా, నోరు పూసినా, కోపం ఎక్కువైనా, మామ్మ దగ్గరికొచ్చి అరచేతి వెనకవైపు నుదుటి మీద ఆన్చి, "వేడి సేసిందిరా" అనేది. వెంటనే గ్లాసుడు తరవాణి. ఆ చేతి వెనకవైపు ఎప్పుడూ చల్లగా, కొంచెం తడిగా, నిమ్మాకు వాసనతో ఉండేది. మందుల షాపువాడు మా వీధి దాటి ఎందుకు కొట్టు పెట్టుకున్నాడో ఇప్పటికీ ఎవరికీ తెలీదు గాని, నాకు తెలుసు.

అలాంటి ఇంటికి భాస్కరం చిన్నాన్న ఈ బండిని తెచ్చేడు. ఓ పాత ఎస్టేటు వాళ్ళ గరాజులో ఏళ్ళ తరబడి పడి ఉంటే, డ్రైవరు సీట్లో కోడి పొదుగుతుంటే, ఆ కోడిని బతిమాలి లేపి తెచ్చుకున్నాడు. విదేశీ బండి, పందేలకి పరిగెట్టే రకం. దాన్ని కొట్టు ముందు ఆపినప్పుడు తాత కళ్ళద్దాలు సర్దుకుని చుట్టూ తిరిగి చూసి, "మిగతా సగం ఎప్పుడొస్తాదిరా?" అని అడిగేడు. చిన్నాన్నకి అప్పటికి ముప్ఫై నిండలేదు. కొట్లో కాటా దగ్గర కూర్చోబెడితే మనసంతా బజారులో పోయే లారీల ఇంజన్ల మీద ఉండేది. చప్పుడు విని, "దీనికి వాల్వు దగ్గర తేడా ఉంది" అనేవాడు, ఇక్కడ కాటాలోంచి ధనియాలు జారిపోతుండేవి. ఆ బండి తోలుతున్నప్పుడు మాత్రం ఆయన వేరే మనిషి. వీపు నిటారుగా అయిపోయేది, మాట కూడా స్పష్టంగా వచ్చేది.

బండికి ఒకటే జబ్బు. వేడెక్కేది. ఎక్కడో ఎండ వస్తే పండగ చేసుకునే దేశంలో పుట్టింది, దానికి పెట్టిన రేడియేటర్ మా వంటింటి కిటికీలో సగం ఉండేది. అందులోంచి తిరిగిన నీళ్ళు ఇంజన్ వేడిని తెచ్చి గాలికి ఒప్పజెప్పాలి, కానీ మా గాలే ఇంజన్ కన్నా వేడిగా ఉంటే ఎవరికి ఒప్పజెప్తుంది? బజారు దాటేసరికి వేడి చూపించే ముల్లు లేచేది, దిగపహండి చేరేసరికి మూతలోంచి ఆవిరి ఈలేసేది. ఓసారి ఆ ఆవిరి మేఘమై దిగపహండి మీద నిలిచి, వైశాఖంలో వాన కురిసిందని నేను కాలేజీలో చెప్పేను. ఇదిగో, ఇక్కడ నా చెయ్యి పడింది. వాన కాదు, తుంపర. ఆగిపోయిన ప్రతిసారీ ఏ లారీవాణ్ణో, ఎద్దుబండివాణ్ణో బతిమాలుకుని తాడు కట్టించుకుని రావాల్సివచ్చేది. ఎద్దుల వెనక పందెపు బండి పెద్ద బజారులో ఊరేగుతుంటే, ఎదురుకొట్టు వర్తకులు బయటికొచ్చి మరీ తాతకి నమస్కారాలు పెట్టేవారు. ఓ సాయంత్రం అలా ఊరేగి వచ్చేక, తాత విసనకర్ర పక్కన పెట్టేడు. ఆయన విసనకర్ర పక్కన పెట్టేడంటే తీర్పే. "భాస్కరం, ఇంకొక్కపాలి ఇది తాడుతో గాని గుమ్మంలోకి వచ్చిందా, ఆ తాడు ఇప్పకుండానే పాత ఇనుము సామానోడి కొట్టుకి ఎల్లిపోతాది. మల్లీ నన్ను అడగొద్దు." చిన్నాన్న తల ఊపేడు. ఆ రాత్రి అన్నం తినలేదు. మామ్మ వెళ్ళి నుదురు పట్టుకు చూసి తరవాణి ఇచ్చింది, అదీ తాగలేదు.

ఇప్పుడంటే వేడెక్కే బండిని ఎవడూ ఎక్కడు, ఫోను చేస్తే మరొకటి వస్తుంది. అప్పుడు చిన్నాన్నకి అది కాక ఇంకోటి లేదు. ఆయన గౌరాంగ దగ్గరికెళ్ళేడు. గౌరాంగ లారీల రేడియేటర్లు అతికే ఆసామి. ఒడియావాడు, మా తెలుగు మాకన్నా గట్టిగా అరిచి మాట్లాడేవాడు. తనని మించిన పనివాడు కటకం దాకా లేడని తనే చెప్పుకునేవాడు, ఎవరూ అడక్కపోయినా. బండి ముందు కూర్చుని, ముక్కు పట్టి చూసినట్టు చూసి, "భాస్కర్ భాయీ, దీనికి ముక్కు సిన్నది. మన ఎండకి ఈ ముక్కుతో ఊపిరాడదు. లారీ ముక్కు పెట్టేద్దాం" అన్నాడు. అన్నట్టే లారీ రేడియేటర్ గొట్టాలు వరసలు వరసలుగా కోసి, ఇత్తడి తొట్లు పైనా కిందా అతికి, మందంగా బరువుగా ఓ కొత్త ముక్కు తయారుచేసేడు. అది పట్టడానికి ముందు రేకు కోయాల్సివచ్చింది. కోస్తున్నంతసేపూ చిన్నాన్న అటు తిరిగి నిలబడ్డాడు, పిల్లకి చెవులు కుట్టిస్తున్నట్టు.

తర్వాత వేడి తెలిసి తెరుచుకునే చిన్న వాల్వు దగ్గర ఇద్దరికీ యుద్ధం. "పీకి పారీ భాయీ, నీళ్ళు ఇష్టమొచ్చినట్టు తిరుగుతాయి" అని గౌరాంగ. "ఇష్టమొచ్చినట్టు తిరిగితే సల్లబడవురా, ఆ ముక్కులో కాసేపు ఆగాలి" అని చిన్నాన్న. ఊళ్ళో ప్రతి మెకానిక్కూ బండి వేడెక్కిందనగానే మొదట చేసే పని పాపం ఆ వాల్వుని పీకడం, ఇప్పటికీ అంతే, నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. చిన్నాన్నే నెగ్గేడు. ఫ్యానుకి జీపు రెక్కలు తగిలించేరు. ఫ్యాను లాగిన గాలి పక్కలనించి జారిపోకుండా, రేడియేటర్‌లోంచే రావడానికి చుట్టూ రేకు గూడు కావాలి. మా కొట్లోని ఖాళీ వేరుశనగనూనె డబ్బాలు కత్తిరించి ఆ గూడు నేనే చేసేను. బానెట్ ఎత్తితే లోపల వేరుశనగకాయల బొమ్మ కనిపించేది. లోపలి వేడిగాలి పోవడానికి బానెట్ మీద వరసగా చీలికలు కోసి రెక్కలెత్తేరు. ఇదంతా కొట్టు ముందే జరుగుతుంటే తాత బస్తాల మధ్యనించి చూస్తూ ఉన్నాడు. ఫ్యాను రెక్కలు చూసేసరికి ఇక ఆగలేకపోయాడు.

"ఏటిరా అది?"

"ఫ్యాను, నాన్నా."

"నా నెత్తి మీద ఫ్యాను నేదు. మీ అమ్మ పొయ్యి కాడ ఫ్యాను నేదు. బండికి ఫ్యానా?"

"దానికి ముందునించే ఉంది నాన్నా, పెద్దది పెడతన్నాం."

"ఆ సీలికలేటి?"

"కిటికీలు. వేడిగాలి పోడానికి."

తాత మేడ వైపు ఓసారి చూసేడు. వంటింటికి ఉన్నది ఒకటే కిటికీ. వెళ్ళి కాటా దగ్గర కూర్చున్నాడు. కానీ ఆ పూట ఆయన విసురు చాలా వేగంగా ఉంది.

పరీక్ష మామ్మే పెట్టింది. తప్తపాణి ఘాటీ మీద వేడినీళ్ళ ఊట ఉంది కదా, అందులో స్నానం చేస్తే తన కీళ్ళ నొప్పులు పోతాయని ఎన్నాళ్ళనించో ఆశ. పేరే వేడినీళ్ళు, మా బండి మరిగేదీ ఆ దారిలోనే. "ఒరే భాస్కరం, నీ బండి మీదే ఎల్దాం" అంది. తాత వద్దనలేదు. "ఎల్లండి. తాడు మాత్రం అక్కడే కొనుక్కోవాల, నా కొట్లో ఇవ్వను" అన్నాడు. మే నెల ఎండ. చిన్నాన్న తోలుతున్నాడు, పక్కన మామ్మ, వెనక మడిచిన గుడ్డ కప్పు మీద నేను, నా ఒళ్ళో నీళ్ళ డబ్బాలు. మామ్మ కాళ్ళ దగ్గర ఆవిడ తరవాణి బిందె. ఊరు దాటితే ఆవిడ బయటి నీళ్ళు ముట్టుకునేది కాదు.

దిగపహండి దాటేం. ముల్లు మధ్యలోనే ఉంది. చిన్నాన్న మాటిమాటికీ దాన్నే చూస్తున్నాడు, రోడ్డు మామ్మ చూస్తోంది. ఘాటీ మొదలైంది. మలుపులు, సాల వృక్షాలు, ఎదురుగా లారీలు. ముల్లు కదల్లేదు. కిందటిసారి ఆగిపోయిన మలుపు దాటినప్పుడు చిన్నాన్న పాట అందుకున్నాడు, ఆయనకి రాగం ఉండేది కాదు గాని ఆ రోజు నేను కూడా గొంతు కలిపేను. ఊటకి ఇంకొంచెం దూరముందనగా ముల్లు ఒక్కసారి లేచింది. దిగి చూస్తే, కొత్త రేడియేటర్ కింది తొట్టి అతుకు దగ్గర నీళ్ళు కారుతున్నాయి. కటకం దాకా తనని మించినవాడు లేని గౌరాంగ అతుకు అది. చల్లారేదాకా ఆగి, నా డబ్బాల్లో నీళ్ళన్నీ పోసేం. పైన పోసినవి పోసినట్టే కింద రోడ్డు తాగేసింది. చిన్నాన్న గట్టు మీద కూర్చుని కిందనించి వచ్చే లారీల కోసం చూస్తున్నాడు. తాడు ఎవరి దగ్గరుంటుందా అని చూస్తున్నాడని నాకు తెలుసు. కళ్ళలో నీళ్ళున్నాయి. అవి కూడా రేడియేటర్‌లో పోసేద్దామని నేను జోకు వేయబోయి మానుకున్నాను.

మామ్మ దిగింది. కొంగు బొడ్లో దోపి, బండి ముందుకొచ్చి, అరచేతి వెనకవైపు బానెట్ మీద ఆన్చింది. చురుక్కుమని ఉంటుంది, తీయలేదు. "దీనికి వేడి సేసిందిరా" అంది.

"అమ్మా, అది వేడెక్కిందే, వేడి సెయ్యడం కాదు. అది మడిసేటి?"

"మరి ముక్కు నేదా? ఊపిరి తీయదా? గౌరాంగ సెప్పినపుడు నమ్మేవు గదా. నాను సెప్తే నమ్మవేటి? ఒరే బుజ్జీ, బిందె తే."

"తరవాణి పోస్తే ఇంజన్ పాడైపోతాదే!"

"నీ నీల్లు పోస్తే బాగుపడినాదేటి?"

నేను బిందె దించి తెచ్చేను. మామ్మ తన చీర చెంగు రేడియేటర్ నోటికి కట్టి, మెతుకు లోపలికి పోకుండా వడగట్టి, పసిపిల్లకి పోసినట్టు కొంచెం కొంచెంగా బిందెడు తరవాణీ పోసింది. ఆ ఎండలో తన దాహానికి ఒక్క గుక్క కూడా ఉంచుకోలేదు. ఇంజన్ తిప్పేం. కింద కారుతున్న చుక్కలు ముందు తెల్లబడ్డాయి, తర్వాత చిక్కబడ్డాయి, తర్వాత అతుకు దగ్గర ఓ చిన్న ముద్ద కట్టి ఆగిపోయేయి. ఆ వేడికి లోపలున్న అన్నపు పిండి ఉడికి, జిగురై, చీలికని పూడ్చేసింది. ఇక్కడ నా చెయ్యి లేదు. కావాలంటే మీ బండి మీద పోసి చూసుకోండి, నన్ను మాత్రం అడక్కండి. ముల్లు దిగింది. మేం ఎక్కేం. మామ్మ తప్తపాణి వేడినీళ్ళలో మెడ దాకా దిగి, "ఈ నీల్లకి ఎవులు తరవాణి పోస్తారో" అని నవ్వింది. వస్తూ దారంతా బండి వెనక పుల్లటన్నం వాసన. పెద్ద బజారులోకి తాడు లేకుండా, తన చక్రాల మీద తను, ముల్లు మధ్యలో పెట్టుకుని వచ్చింది బండి. ఎదురుకొట్టు వర్తకులు నమస్కారం పెట్టడం మర్చిపోయేరు. తాత గుమ్మంలో నిలబడి గాలి పీల్చి, "ఎవులింట్లోనే అన్నం మాడతంది?" అన్నాడు. ఇనుము సామానోడి మాట మళ్ళీ ఎత్తలేదు. కొన్నాళ్ళకి వంటింటి గోడకి రెండో కిటికీ తెరిపించేడు.

గొట్టాలు పూడుకుపోయేయి, నిజమే. మరునాడే గౌరాంగ విప్పి, లోపల అంబలి చూసి, నెత్తిన చేతులు పెట్టుకుని, "హే భగవాన్, బండికి భోజనం పెట్టేరా!" అని అరిచేడు. మామ్మ పైనించి, "నీ అతుకు సరిగ్గా ఉంటే పస్తే ఉంచేవాళ్ళం గదరా" అని అరిచింది. సన్నటి ఊచలతో ఒక్కో గొట్టం పొడిచి శుభ్రం చేసి, అతుకు మళ్ళీ గట్టిగా వేసేడు. ఆ రేడియేటర్ ఆ తర్వాత ఏళ్ళ తరబడి, పిల్లలు పుట్టి రెండు సీట్లు చాలక చిన్నాన్న బండిని అమ్ముకునేదాకా, ఒక్కసారి కూడా మరగలేదు. ఆ రేడియేటరే ఇప్పుడు మఖమలు గుడ్డ మీద పడుకుని, మోటుదీ పాడైందీ అనిపించుకుంటోంది. అవగాహన లేకట!

నేను బండి యజమాని కోసం అడిగేను. వచ్చేడు. ఒడియా పెద్దమనిషి, మర్యాదస్తుడు, అదే నాకు మరీ మండింది, పోట్లాడదామంటే చేతులు కట్టుకుని నిలబడతాడు. నేను పైన చెప్పిందంతా ఊపిరి తీసుకోకుండా ఒడియాలో చెప్పేను. చుట్టూ జనం చేరేరు. ఆయన చివరిదాకా విని, "చాలా బాగా చెప్తారండీ మీరు" అన్నాడు. అంటే నమ్మలేదన్నమాట. జీవితంలో ఒక్కసారి నిజం చెప్తే ఇదీ దానికి దక్కిన గౌరవం. తర్వాత బానెట్ ఎత్తి తన ప్రతాపం చూపించేడు. వెండిలా మెరిసే అల్యూమినియం రేడియేటర్, జంట కరెంటు ఫ్యాన్లు, కరెంటు పంపు, గులాబీరంగు నీళ్ళు. ఎంత ఎండకైనా ముల్లు కదలదట.

"అయితే తప్తపాణి ఎక్కించేరా?" అన్నాను.

ఆయన అదిరిపడ్డాడు. "ఎండలోనా? రంగు పోదూ? దీన్ని నడపమండీ. లారీ మీదే తెస్తాం, లారీ మీదే తీసుకెళ్తాం. ఇంటి దగ్గర దీనికి ఏసీ గది ఉంది."

తాడు పోయి లారీ వచ్చిందన్నమాట. మా ఇంట్లో మనిషికి లేని ఫ్యాను బండికెందుకని అడిగిన తాత, బండికి ఏసీ గది అని వింటే ఏమనేవాడో నేను ఊహించుకుంటూ పళ్ళు నూరుతున్నాను. నాకు ఆ పలకలోంచి 'అవగాహన లేక' పోవాలి, 'మోటు' పోవాలి, 'పాడైపోయిన' పోవాలి, వీలైతే పలకే పోవాలి. ఈలోగా చిన్నాన్న ముందుకొచ్చి, వేలు పెట్టి ఆ ఒక్క మాటే చూపించి, "ఇది తప్పు బాబూ. పేజ కాదు. తొరాణి. పేజ మేం ఆవుకి పోస్తాం" అన్నాడు. పెద్దమనిషి నొచ్చుకుని, వెంటనే బంగారు రంగు కలం తెప్పించి, పేజ కొట్టేసి తొరాణి అని దిద్దేడు. చిన్నాన్న కళ్ళద్దాలు పైకి తోసి చదువుకుని, "ఇప్పుడు సరిపోయింది" అన్నాడు. "ఏటి సరిపోయింది సిన్నానా? అవగాహన లేక తరవాణి పోసేరని ఉంది ఇప్పుడు" అని నేను గింజుకుంటున్నా చెవి యంత్రానికి వినబడలేదు.

వెళ్ళబోతూ చిన్నాన్న ఆగేడు. మామ్మలాగే అరచేతి వెనకవైపు బానెట్ మీద ఆన్చేడు. చాలాసేపు ఉంచేడు. తీసేక నా వైపు తిరిగి, మెల్లగా, "సల్లబడిపోనాదిరా" అన్నాడు.

ఇంటికొచ్చేక గడప దాటలేదు. గుమ్మం బయటే నిలబడి, "ఇదిగో, పెరట్లో నీల్లు పెట్టు, తానం సేసి లోపలికొస్తాను" అని పిన్నిని కేకేసి, పక్కసందులోంచి పెరట్లోకి వెళ్ళి కట్టుబట్టలతోనే నెత్తి మీద చెంబులతో గుమ్మరించుకుంటున్నాడు. పిన్ని గాభరాగా బయటికొచ్చి, "ఎవులు పోనారురా?" అని నన్నడిగింది.

చెప్పేను. నమ్మలేదు.